దత్తత ఫారంలో మొదటి పేజీ తీసేయండి

హైదరాబాద్‌లో వీధికుక్కలను కాపాడి, వాటికి ఇళ్లు వెతికిపెట్టే రెస్క్యూ బృందాల నిర్వాహకులకు, వాలంటీర్లకు,

నమస్కారం.

మీలో చాలామందికి నేను తెలుసు. ఉప్పల్ వైపు ఎక్కడైనా కుక్కపిల్లలు దొరికితే, ఇల్లు కుదిరేదాకా ఉంచుకోమని మీరు ఫోన్ చేసే ఫాస్టర్లలో నేనూ ఒకదాన్ని. కుక్కను అడిగితే ఇవ్వలేదన్న కోపంతో రాస్తున్న ఉత్తరం కాదిది. మీ ఫారం చేత్తో పట్టుకుని, మీ తరఫున, మా గుమ్మంలో నిలబడ్డ మనుషులకు "కుదరదండీ" అని చెబుతూ వచ్చిన ఫాస్టర్ రాస్తున్నది.

అడిగేది ఒక్కటే. బృందానికీ బృందానికీ కాస్త తేడా ఉన్నా, మీ దత్తత ఫారాల వరస ఇంచుమించు ఒకేలా ఉంటుంది. మొదటి పేజీ అంతా మనిషి గురించి. సొంతిల్లా అద్దా, జీతం ఎంత, పెళ్లయిందా, వయసెంత, ఇంతకుముందు కుక్కను పెంచారా, ఓనరూ అసోసియేషనూ ఒప్పుకున్నట్టు లెటర్ ఉందా. రెండో పేజీ కుక్క గురించి. ఎక్కడ పడుకుంటుంది, ఏం తింటుంది, టీకాలు ఎక్కడ వేయిస్తారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తారా. అడగడానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది మొదటి పేజీలోనే ఆగిపోతున్నారు. రెండో పేజీ తిప్పే అవసరమే మనకు రావడం లేదు. ఆ మొదటి పేజీ తీసేయమనీ, రెండో పేజీని ఇప్పటికంటే గట్టిగా అడగమనీ నా మనవి.

మీరు ఇంత కఠినంగా ఎందుకు తయారయ్యారో నాకు తెలుసు. పిల్లాడి పుట్టినరోజుకు సరదాగా తీసుకెళ్లి, రెండు నెలలు తిరక్కుండానే "కొరుకుతోంది, ఎక్కడపడితే అక్కడ పాస్ పోస్తోంది" అని వదిలేసినవాళ్లను చూశాం. ఊరి చివర ఫామ్‌హౌస్‌కు కాపలా కోసమని తీసుకెళ్లి, మూరెడు గొలుసుతో పగలూ రాత్రీ కట్టేసినవాళ్లనూ చూశాం. కోడలు నెల తప్పిందని తెలియగానే, కుక్క బొచ్చు బిడ్డకు పడదంటూ అదే వారం తిరిగిచ్చినవాళ్లున్నారు. మనకు ఫోన్ చేసి తిరిగిచ్చారు కాబట్టి వాళ్లే నయం.

చట్టం చూద్దామా అంటే, 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం పెంపుడు జంతువును కారణం లేకుండా వదిలేయడం నేరమే. పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడమూ నేరమే. మొదటిసారి దొరికితే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయల వరకు. 1960లో ఆ యాభైకి ఏమైనా బరువు ఉండేదేమో. కుక్కను రింగ్ రోడ్డు పక్కన దింపి వెళ్లిపోయినవాడి మీద కేసు పెట్టించాలంటే మీరు స్టేషన్ చుట్టూ తిరిగే పెట్రోలు ఖర్చు దానికి ఎన్నో రెట్లు. కుక్కను చేతికిచ్చాక ఏమీ చేయలేం కాబట్టి ఇచ్చే ముందే అన్నీ చూసుకోవాలని మీరు అనుకోవడంలో తప్పు లేదు. పెళ్లి సంబంధం చూసినట్టు చూస్తున్నారు. కాకపోతే సంబంధాలు చూసేవాళ్లు చేసే పొరపాటే ఇక్కడా జరుగుతోంది. ఆస్తీ ఉద్యోగమూ చూసి మంచి ఇల్లని తేల్చేస్తున్నారు.

నేను చూసినంతలో, కుక్కను గొలుసుతో కట్టేసినవాళ్లలో ఎక్కువమందికి సొంతిళ్లే ఉన్నాయి. కట్టేయడానికి గేటూ, పెరడూ, మేడమీద ఖాళీ జాగా వాళ్లకే ఉంటాయి మరి. రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాడు కుక్కను దూరంగా పెట్టాలన్నా పెట్టలేడు. అది మంచం కిందో, మంచం మీదో ఉండాల్సిందే.

ఈ నగరంలో కుక్కంటే ఇష్టపడే వయసు వాళ్లలో ఎందరు అద్దెకుంటున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. టు-లెట్ బోర్డు మీదే "కుక్కలు వద్దు" అని రాసే ఓనర్లున్నారు. ఇల్లు మారాల్సివస్తే కుక్క గతేంటన్నది న్యాయమైన ప్రశ్న. దాన్ని సూటిగా అడగండి. "ఓనరు ఖాళీ చేయమంటే ఏం చేస్తారు? ఇల్లు దొరకడం ఆలస్యమైతే కుక్క ఎవరి దగ్గర ఉంటుంది?" దీనికి తడుముకోకుండా జవాబు చెప్పేవాడు ఎన్ని ఇళ్లు మారినా కుక్కను వెంట తీసుకెళ్తాడు. సొంతిల్లున్నవాళ్లలో ఈ ప్రశ్న వినని మనిషే ఎక్కువ. కూతురి పెళ్లికి ఇల్లు రంగులు వేయించినప్పుడు కుక్క ఎక్కడుంటుందో వాళ్లనూ అడగాలి కదా.

అసోసియేషన్ లెటర్ సంగతి మరీ విడ్డూరం. మెజారిటీ ఓటుతో తీర్మానం చేసినా సరే, అపార్ట్‌మెంట్‌లో పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అసోసియేషన్‌కు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. లిఫ్టు ఎక్కనివ్వం అనడానికీ వీల్లేదంది. ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా గొడవైతే ఆ కాగితం ప్రింటు తీసుకుని వెళ్లి సెక్రటరీ ముందు పెట్టేది మీరే. అలాంటిది దత్తతకు వచ్చినవాణ్ని మాత్రం అదే సెక్రటరీ దగ్గరికి వెళ్లి పర్మిషన్ లెటర్ తెమ్మంటున్నారు. అడిగితే ఏ సెక్రటరీ సంతకం పెడతాడు? తనకు లేని అధికారాన్ని మనమే వెళ్లి అతని చేతిలో పెడుతున్నాం. ఓనరు లెటర్ వేరే సంగతి. అద్దె అగ్రిమెంటులో కుక్కలు వద్దని రాసి ఉంటే అది చూసుకోవాల్సిందే.

జీతం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. టీకాలకూ, జబ్బు చేస్తే వైద్యానికీ డబ్బు కావాలి. కానీ నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. అక్కడ పొద్దున లైన్లో నిలబడేవాళ్లను ఒకసారి చూడండి. ఆటో డ్రైవరు ఒళ్లో జ్వరంతో ఉన్న ఊరకుక్క కనబడుతుంది. అతణ్ని మనం శాలరీ స్లిప్ అడుగుతాం.

వయసు దగ్గర కాసేపు ఆగాలి.

మా వీధిలో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారున్నారు. పిల్లలు అమెరికాలో. పొద్దునా సాయంత్రం వాకింగు, మధ్యాహ్నమంతా వరండాలో పేపరు. నా దగ్గరున్న ఐదేళ్ల కుక్కను అడిగారు. అరవై దాటినవాళ్లయితే ఇంట్లో ఉండే చిన్నవాళ్లెవరైనా సంతకం పెట్టాలన్నది ఒక బృందం నియమం. మాస్టారి కొడుకు డల్లాస్‌లో. ఆయన నవ్వేసి, "గ్యాస్ కనెక్షన్ నా పేరు మీదుంది, ఇల్లు నా పేరు మీదుంది, కుక్కకు మాత్రం నేను మైనర్నా అమ్మా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గరా ఉండదు. బాగా చూసుకుంటే ఊరకుక్క పన్నెండు నుంచి పదిహేనేళ్లు బతుకుతుంది. అరవై అయిదేళ్ల ఆయనకు నలభై రోజుల పిల్లనిస్తే ఇబ్బందే. కాలికీ చేతికీ అడ్డం తిరుగుతుంది, లాగుతుంది, పడేస్తుంది. ఐదేళ్లు దాటి, నిదానంగా నడిచే కుక్క అలా కాదు. అలాంటి కుక్కల్ని అడిగేవాళ్లే ఉండరనీ, షెల్టర్లలో అవే మిగిలిపోతాయనీ మీరే నాకు చెబుతుంటారు. రోజంతా ఇంట్లో ఉండే మనిషి, రోజంతా మనిషి తోడు కావాల్సిన కుక్క ఒకే వీధిలో ఉన్నా కలవనీయని నియమం ఎవరి కోసం? ఆయనకేమైనా అయితే కుక్కను ఎవరు తీసుకుంటారని ఒక పేరు, ఒక ఫోన్ నంబరు రాయించుకుంటే చాలు. పక్కింటివాళ్లైనా సరే.

ఇక ఒంటరిగా ఉండే ఆడపిల్లల విషయం. ఒక నర్సు, వయసు ముప్పై లోపు. ఒక్కతే ఉంటుంది, చెల్లెలు పక్క వీధిలోనే. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న: "పెళ్లయ్యాక అత్తారింట్లో కుక్కను ఒప్పుకుంటారా?" అడిగింది కూడా ఒక ఆడమనిషే. ఈ ప్రశ్న ఏ మగవాణ్నీ అడగగా నేను వినలేదు. ఆ అమ్మాయి మర్యాదగా ఫోన్ పెట్టేసింది. నలుగురైదుగురు కుర్రాళ్లు కలిసుండే పీజీకి కుక్కను ఇవ్వకూడదన్నది నేనూ ఒప్పుకుంటాను. అందరిదీ అయిన కుక్క చివరికి ఎవరిదీ కాదు. కానీ పెళ్లి కాలేదన్నదాన్ని లోపంగా రాసుకునే ఫారంలు మనకెందుకు?

మాంసం వండని ఇళ్లకు కుక్కను ఇవ్వబోమనే బృందం కూడా ఒకటుంది. మన ఊళ్లలో తరతరాలుగా కుక్కలు పెరుగన్నంతోనే బతికాయి. అది సరిపోయే తిండని నేననను. గుడ్డు పెడతారా, రెడీమేడ్ ఫుడ్ కొంటారా అని అడిగితే ఆ విషయం అక్కడితో తేలిపోతుంది.

మనం కాదన్నవాళ్లు కుక్క ఆలోచనే మానుకుని ఇంటికెళ్తున్నారని అనుకుంటున్నారా? కొంతమంది మానుకుంటారు. మిగతావాళ్లు డాగ్ షాపుకు వెళ్తారు. అక్కడ అడిగేది ఫోన్‌పేనా, క్యాషా అని. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 కుక్కల పెంపకం, అమ్మకం నియమాలు చెబుతున్నాయి. కళ్లు సరిగా తెరవని పిల్లల్ని కూడా "నలభై ఐదు రోజులు నిండాయి" అంటూ చేతిలో పెడుతున్నారు. నలభై ఐదు రోజులంటే ఎనిమిది వారాలు కావని లెక్క చెప్పేవాళ్లుండరు. మన దగ్గర "అనుభవం లేదు" అనిపించుకున్న ఒక కుటుంబం నెల తిరక్కుండా హస్కీని కొంది. మంచు ప్రాంతాల్లో బండి లాగడానికి పెంచిన జాతి అది, మే నెలలో ఉప్పల్‌లో మూడో అంతస్తులో ఉంది. ఆ ఇంటివాళ్లది చెడ్డ మనసని నేను అనలేను. ఏసీ కూడా పెట్టించారు. మన దగ్గర ఊరకుక్క పిల్ల ఒకటి తగ్గేది, అక్కడ బ్రీడర్ దగ్గర ఆడకుక్కకు ఒక ఈత తప్పేది. రెండూ జరగలేదు.

ఇటు మన దగ్గర మిగిలిపోయిన పిల్ల పెరగడం ఆగదు. పుట్టిన మూడో వారం నుంచి మూడో నెల దాకా కుక్కపిల్ల ఏది చూస్తే, ఏది వింటే అది దాని లోకమవుతుంది. మిక్సీ మోత, పిల్లల అరుపులు, లిఫ్టు, కాలింగ్ బెల్లు ఆ వయసులో అలవాటు కాకపోతే తర్వాత ప్రతిదానికీ బెదురుతుంది. బెదిరే కుక్కే కరుస్తుంది. ఆ వారాలన్నీ మనం ఇల్లు చూసివచ్చే హోమ్ చెక్‌లకూ, రెండో ఇంటర్వ్యూకూ, కమిటీ నిర్ణయానికీ ఖర్చు పెడుతున్నాం. ఈలోగా కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో జబ్బు. షెల్టర్‌లో ఒకసారి వస్తే ఆ వైరస్ నేలలో నెలల తరబడి ఉంటుంది. టీకాలు పూర్తికాని పిల్లను అక్కడ ఎంత ఎక్కువకాలం ఉంచితే అంత ప్రమాదమని డాక్టర్లు మీకూ నాకూ చెబుతూనే ఉన్నారు. ఎనిమిది నెలలు వచ్చాక, అందులోనూ నల్లటి ఆడకుక్కయితే, ఇక అడిగేవాళ్లుండరు. ఆడ కుక్కపిల్లల్ని గోనెసంచిలో తెచ్చి చెత్తకుండీ దగ్గర వదిలేది ఎక్కువ, ఇంటికి తీసుకెళ్లేది తక్కువ.

ఇళ్ల అవసరం మునుపటిలా కూడా లేదిప్పుడు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల బాబును పొట్టన పెట్టుకున్న తర్వాత కాలనీల్లో భయం తగ్గనే లేదు. ఆ భయాన్ని తప్పు పట్టలేం. 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. ఢిల్లీ కుక్కల కేసులో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటికి ఆ పద్ధతే ఉంచుతూ, దత్తత తీసుకోవాలనుకునేవాళ్లు మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చని చెప్పింది. తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదేనని కూడా అంది. నవంబర్ 7న స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కల్ని షెల్టర్లకు తరలించాలనీ, తిరిగి అక్కడే వదలకూడదనీ ఉత్తర్వులిచ్చింది. ఉన్న షెల్టర్లలోనే చోటు లేదు. స్కూలు ప్యూను పెంచుకున్నట్టు చూసుకునే కుక్క, ఆసుపత్రి క్యాంటీన్ దగ్గర పదేళ్లుగా పడుకునే ముసలికుక్క ఎక్కడికెళ్లాలి? విదేశాలకు పంపే దారీ ఇరుకైంది. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల నుంచి దత్తత కోసం తెచ్చే కుక్కలతో సహా వాణిజ్య కోటా కింద వచ్చేవాటిని కెనడా 2022 సెప్టెంబర్‌లో ఆపేసింది. ఆ దేశాల జాబితాలో మనమూ ఉన్నాం. 2024 ఆగస్టు నుంచి అమెరికా కూడా ఆరు నెలలు నిండని కుక్కను రానివ్వడం లేదు, మైక్రోచిప్ తప్పనిసరి చేసింది. కాబట్టి ఇళ్లు ఇక్కడే, అద్దె కొంపల్లోనే, మాస్టారి వరండాల్లోనే దొరకాలి.

అడిగినవాడికల్లా పిల్లను చేతిలో పెట్టి పంపేయమని నేను అనడం లేదు. నా రెండో పేజీ మీ దానికంటే కఠినంగా ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఇంట్లో ఎవరుంటారు? సంక్రాంతికి ఊరెళ్తే కుక్క ఎవరి దగ్గర? హైదరాబాద్ సగం ఖాళీ అయ్యే ఆ వారంలో మనకు వచ్చే ఫోన్లు గుర్తు తెచ్చుకోండి. ఊరికి వెంట తీసుకెళ్తామంటే ఏ బండిలో? దీపావళి రాత్రి ఎక్కడ ఉంచుతారు? ఇంట్లో కుక్క వద్దనేవాళ్లు ఎవరు? ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లతోనే మాట్లాడండి. దత్తత అడిగినాయనతో గంట మాట్లాడేకంటే వాళ్ల అమ్మగారితో పది నిమిషాలు మాట్లాడితే ఎక్కువ తెలుస్తుంది. రేబిస్ టీకా ఏటా, ఆపరేషన్ డాక్టర్ చెప్పిన వయసులో. ఈ రెండింటిలో బతిమాలినా తగ్గకండి. ఆపరేషన్‌కు డబ్బు ముందే డిపాజిట్‌గా తీసుకుని, చేయించాక తిరిగిచ్చేయండి. ఉత్త మాట తీసుకోవడం కంటే అది నయం.

ఇచ్చాక రెండు వారాలు ట్రయల్ పెట్టండి. ఈ రెండు వారాల్లో వద్దనుకుంటే ఎవరూ ఏమీ అనరని ముందే చెప్పండి. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ విషయమే. కుక్కను తిరిగిచ్చినవాళ్ల ఫొటోలు, పేర్లు, ఫోన్ నంబర్లు వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి "వీళ్లకు ఎవరూ కుక్కనివ్వకండి" అని రాయడం మనలో అలవాటైపోయింది. ఆధార్ కాపీలు కూడా గ్రూపుల్లో తిరుగుతున్నాయి. ఇవన్నీ చూసిన మనిషి, కుక్కను సాకలేక చేతులెత్తేసిన రోజున మనకు ఫోన్ చేస్తాడా? చేయడు. పొద్దున్నే కారెక్కించుకుని ఘట్‌కేసర్ దాటాక దింపేస్తాడు. మనకు చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అతన్ని ఆ లెక్క వేసుకునేలా చేసింది మనమే.

కాంట్రాక్టులో "ఏ కారణం చెప్పకుండా, ఎప్పుడైనా కుక్కను వెనక్కి తీసుకునే హక్కు మాకుంది" అనే లైను కూడా కొట్టేయండి. హింసిస్తున్నట్టు కనబడితే తీసుకుంటామని కారణం రాయండి. ఎప్పుడు వచ్చి పట్టుకెళ్తారో తెలియని కుక్క మీద ఎవరైనా మనసు ఎలా పెట్టుకుంటారు? ఎప్పుడు పడితే అప్పుడు వీడియో కాల్ చేసి "కుక్కను చూపించండి" అనడమూ అంతే. మొదటి నెల వారానికోసారి, ఆ తర్వాత టీకా వేయించాల్సిన టైముకు ఒకసారి చాలు. మీకూ అంత తీరిక లేదు. ఏడాది పాటు వారం వారం కాల్ చేస్తామని రాసుకుని, రెండో నెలకే మానేసిన బృందాలు ఎన్నో నాకు తెలుసు.

ఔటర్ రింగ్ రోడ్డు దాటితే ఇవ్వబోమన్న నియమాన్ని కూడా మళ్లీ ఆలోచించండి. హోమ్ చెక్‌కు జనగామ దాకా ఎవరు వెళ్తారని మీ ఇబ్బంది. ప్రతి మండల కేంద్రంలో పశువైద్యశాల ఉంటుంది, ఊళ్లలో పశువులకు సూదులు వేసే గోపాలమిత్రలున్నారు. ఫలానా ఊళ్లో ఫలానా ఇల్లు ఎలాంటిదో, ఆ ఇంట్లో గొడ్డును ఎలా చూస్తారో వాళ్లకు మన హోమ్ చెక్ కంటే బాగా తెలుసు. ఒక ఫోన్ చేస్తే సరిపోతుంది. పెరట్లో తిరగడానికి జాగా, ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండటం, ఊరకుక్కకు అంతకుమించి ఏం కావాలి? మెడకు గొలుసు వేయబోమన్న మాట ఒక్కటి మాత్రం గట్టిగా తీసుకోండి.

ప్రస్తుతం నా దగ్గర ఒక నల్ల ఆడ కుక్కపిల్ల ఉంది, నాలుగో నెల నడుస్తోంది. రేబిస్ టీకా అయింది. బోడుప్పల్ నుంచి ఒక జంట అడుగుతున్నారు. అద్దె ఇల్లు, ఇద్దరివీ షిఫ్టు ఉద్యోగాలు, ఇంతకుముందు కుక్కను పెంచలేదు. ఒకరు పగలు ఇంట్లో ఉంటే ఒకరు రాత్రి ఉంటారు. ఓనరమ్మతో నేనే మాట్లాడాను, ఆవిడకు అభ్యంతరం లేదు. సంక్రాంతికి కుక్కను కారులో పాలకొల్లు తీసుకెళ్తామన్నారు. అక్కడి అత్తగారితో ఫోన్లో మాట్లాడాను, వంటింట్లోకి రానివ్వను కానీ మిగతా ఇల్లంతా దానిదేనన్నారు. మీ ఫారం ప్రకారం వీళ్లు మొదటి పేజీలో మూడుచోట్ల ఫెయిల్. వచ్చే ఆదివారం మీ మీటింగులో వీళ్ల పేరు చర్చకు వస్తుంది. రెండో పేజీ చూసి చెప్పండి.

ఇట్లు,
మీ ఫాస్టర్లలో ఒకరు,
ఉప్పల్